కాందిశీక పండితుల కథ నాటిక ఆడవచ్చా? ఎవరి మాట ఎవరు చెప్పాలి?

తెరవెనుక_రాము
మాది పదకొండు మంది ఉన్న చిన్న నాటక సమాజం. ఏడాదికి ఒక నాటిక తయారుచేసుకుంటాం, నాలుగైదు పరిషత్తులు తిరుగుతాం, వచ్చిన బహుమతి డబ్బు వ్యాను కిరాయికి సరిపోతే పండగే. వృద్ధాశ్రమం, ఆస్తి పంపకం, అమెరికా కొడుకు... ఇవే ఆడి ఆడి మాకే మొహం మొత్తింది.

మా అక్క కూతురు చదివే [తొలగించాం]లో [తొలగించాం] నుంచి వచ్చిన అధ్యాపకురాలు ఒకరు ఉన్నారు. అక్కడ [తొలగించాం] ఏళ్ళు పాఠాలు చెప్పారు, [తొలగించాం] తెగుళ్ళ మీద పరిశోధన చేశారు. ఇప్పుడు వెనక్కి వెళ్తే పాఠం చెప్పే అవకాశం లేదు, ప్రాణానికి భరోసా లేదు. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, గోంగూర పప్పు కలుపుకుంటూ, నవ్వుతూనే చెప్పారు. ఎనిమిదేళ్ళ పొలం లెక్కలన్నీ ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి, పిల్లవాడి స్వెట్టరు అంచు విప్పి అందులో పెట్టి కుట్టేశారట. సరిహద్దు దగ్గర సిపాయి సంచులన్నీ గుమ్మరించాడు. బట్టలు, మందులు, ఒక కుక్కరు. చివరికి పిల్లవాడి బుగ్గ గిల్లి పొమ్మన్నాడట. "నాకు కుట్టు రాదు, దారం కొస బయటికి కనిపిస్తూనే ఉంది" అన్నారు.

ఆ దారం కొస నన్ను వదలడం లేదు. స్క్రిప్టు సగం రాశాను. కానీ మా వాళ్ళలోనే రెండు వర్గాలయ్యాయి. "చివర్లో ఆవిడనే వేదిక ఎక్కించు, చప్పట్లు ఆగవు" అంటాడు మా సీనియర్ నటుడు. "మనకెందుకు ఈ ఊరుగాని ఊరి గోడు, న్యాయనిర్ణేతలకు ఎక్కదు" అంటాడు కోశాధికారి. ఇలాంటివి చేసినవారు, చూసినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోంగూర_అభిమాని
పులుపు తట్టుకున్నారా? ముందు అది చెప్పండి.

తెరవెనుక_రాము
రెండోసారి అడిగి వేయించుకున్నారు.

నిద్రపట్టని_పరిశోధకురాలు
రాము గారూ, కోపగించుకోకండి. మీరు రాసింది చదివి నాకు చెమట పట్టింది. దేశం, విశ్వవిద్యాలయం, పనిచేసిన ఏళ్ళు, పంట... ఈ నాలుగూ కలిపి వెతికితే ఆమె ఎవరో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఒక పంట తెగుళ్ళ మీద పనిచేసే ఆడవాళ్ళు ఆ దేశంలో ఎంతమంది ఉంటారు? ఆమె ఇక్కడ క్షేమంగా ఉండవచ్చు, అక్కడ అమ్మానాన్నలో అన్నదమ్ములో ఉంటారు కదా. వాళ్ళ తలుపు తట్టేవాళ్ళు పరిషత్తుకు రానక్కరలేదు, ఈ పేజీ చాలు. నిర్వాహకులు దయచేసి వెంటనే తీసేయండి.

నిర్వాహకుడు
మొదటి పోస్టులో నాలుగు వివరాలు తొలగించాం. ఆ దేశం ఏమిటని ఊహించి రాసే పోస్టులు కూడా ఉంచం.

తెరవెనుక_రాము
నిజమే, తప్పు నాదే. మంచి చేస్తున్నాననే ఉత్సాహంలో తోచలేదు.

పరిషత్తు_పెద్దాయన
నలభై ఏళ్ళుగా నాటికలు ఆడుతున్నాను, చూస్తున్నాను, అప్పుడప్పుడు మార్కులు కూడా వేస్తున్నాను. ఉన్నమాట చెబుతాను. విదేశీ పాత్ర తెలుగులో మాట్లాడగానే ప్రేక్షకుడు నవ్వుతాడు. వచ్చీరాని తెలుగులో మాట్లాడిస్తే ఇంకా నవ్వుతాడు. పైగా కష్టాలన్నీ ఆ పాత్రే కూర్చుని చెప్పుకుంటే అది నాటిక కాదు, వార్తల్లో ముఖాముఖి. మన దగ్గర ముంపు గ్రామాల వాళ్ళు లేరా? పోలవరం కింద ఇల్లు వదిలినవారి మీద ఎన్ని నాటికలు వచ్చాయి? ముందు ఇంటి దీపం వెలిగించండి.

కొత్తచిగురు
పెద్దాయనా, పోలవరం మీద నాటిక రాకపోవడానికి కారణం ఈ అధ్యాపకురాలు కాదు కదా?

పరిషత్తు_పెద్దాయన
చురక బాగానే తగిలింది. అయినా నా మాట నాదే.

లెక్కల_మాస్టారు
మనకు సంబంధం లేదనే మాట దగ్గర ఆగాలి. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్ళగొడితే, చాలామంది నాగపూర్ వెళ్ళి చదువు కొనసాగించారు. పీవీ నరసింహారావు వారిలో ఒకరు. ఒక విశ్వవిద్యాలయం తలుపు మూయడం, ఇంకొకటి తెరవడం మన ఇంటి కథే.

కానీ నేను చెప్పదలచుకున్నది బెంగళూరు సంగతి. మాక్స్ బార్న్ పేరు ఇంటర్ ఫిజిక్సు చదివినవారికి తెలిసే ఉంటుంది. 1933 ఏప్రిల్‌లో హిట్లర్ ప్రభుత్వం యూదులను కొలువుల నుంచి తీసేసే చట్టం తెచ్చింది. గాటింగెన్‌లో ఆచార్యుడిగా ఉన్న బార్న్ తన పేరును పత్రికలో అచ్చయిన జాబితాలో చూసుకున్నాడు. కుటుంబంతో ఇంగ్లండు చేరి, కేంబ్రిడ్జిలో తాత్కాలిక కొలువులో గడిపాడు. అప్పుడు సి.వి. రామన్ ఆయన్ను బెంగళూరు పిలిపించాడు. 1935-36 చలికాలం ఆరు నెలలు ఇక్కడ భారతీయ విజ్ఞాన సంస్థలో పనిచేశాడు. భార్యకూ ఊరు నచ్చింది. ఇక్కడే శాశ్వత పదవి ఇప్పించాలని రామన్ పట్టుబట్టాడు.

ఆచార్యుల సమావేశంలో రామన్ బార్న్‌ను ఆకాశానికెత్తుతూ ప్రతిపాదన పెట్టాడు. బార్న్ అక్కడే కూర్చుని ఉన్నాడు. అప్పుడు ఆస్టన్ అనే ఆంగ్లేయ ఆచార్యుడు లేచి, సొంత దేశం తరిమేసిన రెండో తరగతి విదేశీయుడు మనకెందుకు అన్నాడు. మొహం మీదే. బార్న్ ఇంటికి వెళ్ళి భార్య దగ్గర ఏడ్చేశాడు. ఇది నా కల్పన కాదు, బార్నే రాసుకున్న సంగతి. ఆ పదవి రాలేదు. 1936లో ఎడిన్‌బరోకు ఆచార్యుడిగా వెళ్ళాడు, 1954లో నోబెల్ వచ్చింది.

రాము గారూ, మీకు సరిహద్దు, సిపాయి, తుపాకీ దృశ్యమే నాటకీయంగా కనిపిస్తోంది. నాకైతే బెంగళూరు సమావేశం గదే నాటిక. కుర్చీలు, టీ కప్పులు, మర్యాదస్తులు. ప్రాణం దక్కించుకుని వచ్చినవాడికి అసలు దెబ్బ అక్కడ తగిలింది.

కొత్తచిగురు
బెంగళూరులోనా! మా అన్నయ్య ఆ సంస్థ పక్కనే ఏడేళ్ళు ఉన్నాడు, ఒక్కరూ చెప్పలేదు.

పాటలపిచ్చి
ఒలీవియా న్యూటన్-జాన్ అని ఇంగ్లీషు గాయని ఉండేవారు కదా, ఆమె బార్న్ మనవరాలే. మాస్టారి క్లాసులో ఇది మాత్రం చెప్పి ఉండరు.

లెక్కల_మాస్టారు
చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజు క్లాసు అంతటితో సరి.

చలిదేశపు_తెలుగువాడు
మాస్టారు చెప్పిన జాబితా సంగతి చదివి ఇది రాయాలనిపించింది. నేను జర్మనీలో ఉంటాను. మా ల్యాబులో నా పక్క బల్ల ఆయన టర్కీ మనిషి. 2016 జనవరిలో అక్కడి అధ్యాపకులు శాంతి కోరుతూ ఒక విజ్ఞప్తి మీద సంతకాలు చేశారు, మొదట 1,128 మంది. జూలైలో సైనిక తిరుగుబాటు ప్రయత్నం విఫలమయ్యాక అత్యవసర ఉత్తర్వులు మొదలయ్యాయి. పేర్ల జాబితాలు ప్రభుత్వ గెజెట్‌లో వచ్చేవి. ఒక్కసారి పేరు వచ్చిందా, కొలువు పోయినట్టే, పాస్‌పోర్టు రద్దయినట్టే. విచారణ లేదు, సంజాయిషీ అడగడం లేదు. సంతకాలు చేసినవారి భావప్రకటన హక్కును ఉల్లంఘించారని 2019లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమే తేల్చింది, కానీ ఈలోపు ఎవరి దారి వారిది అయిపోయింది.

ఈయన ఇప్పటికీ రాత్రి పన్నెండు దాటాక ఒకసారి గెజెట్ పేజీ తెరిచి చూస్తాడు. ఇక ఏ జాబితాలోనూ తన పేరు వచ్చే అవకాశం లేదని తనకూ తెలుసు. చూస్తాడు, మూసేస్తాడు, టీ పెట్టుకుంటాడు. నాలుగేళ్ళ పరిచయంలో ఆయన ఏడవడం నేను చూడలేదు. నాటిక రాస్తే ఆ పన్నెండు గంటల అలవాటు పెట్టండి, కన్నీళ్ళు వద్దు.

ఇంకొక చిత్రం. 1933లో హిట్లర్ తరిమిన జర్మన్ ఆచార్యులు పదుల సంఖ్యలో ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయంలో చేరారు. దానికి పూనుకున్నది ఫిలిప్ ష్వార్ట్స్ అనే వైద్య ఆచార్యుడు, ఆయనా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిపోయినవాడే. ఇప్పుడు ఆపదలో ఉన్న విదేశీ పరిశోధకులకు జర్మనీ ఇచ్చే సాయానికి ఆయన పేరే పెట్టారు. టర్కీ వాళ్ళు కూడా అదే సాయంతో ఇటు వచ్చారు. ఎనభై ఏళ్ళకు రైలు వెనక్కి తిరిగింది.

పదాలపుట్ట
ఒక మాట గురించి. "నిర్వాసితులు" అంటే మనకు ప్రాజెక్టు ముంపు గుర్తొస్తుంది, "శరణార్థి" అంటే చేయి చాచినట్టుంటుంది. పాత పత్రికలు "కాందిశీకులు" అని రాసేవి, 1971లో తూర్పు బెంగాల్ వారి గురించి అలాగే రాశారు. ఆ మాట పుట్టుక తెలుసా? "కాం దిశం?" అంటే "ఏ దిక్కుకు?" అని. ఏ దిక్కుకు పోను, ఏ దిక్కుకు పోను అంటూ పరుగెత్తేవాడు కాందిశీకుడు. మనిషి అడిగే ప్రశ్నే అతని పేరైపోయింది. నాటికకు పేరు కావాలంటే వాడుకోండి, రుసుము లేదు.

తెరవెనుక_రాము
"ఏ దిక్కుకు?" చాలా బాగుంది. పుస్తకంలో రాసుకున్నాను.

ఉత్సాహవంతుడు
మాస్టారు చెప్పిన బార్న్ లాంటివారి కోసమే 1933లో ఇంగ్లండులో బెవరిడ్జి, రూథర్‌ఫర్డ్ మొదలైనవారు ఒక సహాయ మండలి పెట్టారు. అదే సంవత్సరం అక్టోబరు 3న లండన్ ఆల్బర్ట్ హాలులో జరిగిన సభలో ఐన్‌స్టీన్ మాట్లాడారు. ఆ మండలి ఆదుకున్నవారిలో 16 మందికి తర్వాత నోబెల్ వచ్చింది. ఈ లెక్కతో నాటిక ముగిస్తే ప్రేక్షకుడు లేచి నిలబడతాడు.

నిద్రపట్టని_పరిశోధకురాలు
దయచేసి ఆ లెక్కతో ముగించకండి. అది చెప్పగానే ప్రేక్షకుడి మనసులో "మనకు పనికొస్తారు కాబట్టి రానివ్వాలి" అని పడుతుంది. ఆస్టన్ అన్న రెండో తరగతి మాటకూ దీనికీ తేడా ఎంత? నోబెల్ రాని మిగతావాళ్ళు? మామూలుగా పాఠాలు చెప్పుకుంటూ, నెలకు రెండు వ్యాసాలు దిద్దుకుంటూ, బతకాలనుకున్నవాళ్ళు?

ఉత్సాహవంతుడు
అంతలా ఆలోచించలేదు. కానీ డబ్బు అడగాల్సి వచ్చినప్పుడు దాతలకు ఆ లెక్కే చెప్పాలి మరి.

నిద్రపట్టని_పరిశోధకురాలు
దాతకు చెప్పుకోండి. రంగస్థలం మీద వద్దు.

పరిషత్తు_పెద్దాయన
ఈ అమ్మాయి మాట నాకు నచ్చింది. రాసుకోండి, అరుదుగా జరుగుతుంది.

బుర్రకథ_మనవడు
పెద్దాయన లేవనెత్తిన భాష సమస్యకు మన దగ్గరే మందు ఉంది. మా తాత దళంలో హాస్య వంత. బుర్రకథలో కథకుడు తంబురా మీటుతూ కథ చెబుతాడు. కుడివైపు ఒకరు, ఎడమవైపు ఒకరు వంతలు. రాజకీయ వంత కథను ఇప్పటి సంగతులతో ముడిపెడతాడు, హాస్య వంత ప్రేక్షకుడి తరఫున అడ్డు ప్రశ్నలు వేస్తాడు. పరాయి దేశపు పాత్ర వచ్చీరాని తెలుగులో మాట్లాడనక్కరలేదు, కథకుడే ఆమె మాట చెబుతాడు. "మనకెందుకు ఈ గోడు" అని మీ కోశాధికారి అడిగిన ప్రశ్న ఉంది చూశారా, అది హాస్య వంత నోట పెట్టండి. హాలులో సగం మంది మనసులో ఉన్నది అదే కదా, వాళ్ళకు ముందు నవ్వొస్తుంది, తర్వాత సిగ్గేస్తుంది. బుర్రకథ నాజర్ గారి రోజుల్లో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా చేసింది ఇదే.

గెజెట్ జాబితా చదివే చోట గుమ్మెట ఒక్కటే మోగాలి. పేరుకొక దెబ్బ.

చలిదేశపు_తెలుగువాడు
పేరుకొక దెబ్బ! ఇక్కడ కూర్చునే వినిపించింది.

కొత్తచిగురు
కోశాధికారికి రాయల్టీ ఇవ్వాలి.

రంగశాల_విద్యార్థిని
మా కోర్సులో దీని గురించి చాలా వాదించుకున్నాం. మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి, మనిషి చెప్పింది రికార్డు చేసి, "ఆ...", "అంటే..." అనే తడబాటులతో సహా అక్షరం మార్చకుండా నటుడు పలకడం. నిజాయతీ ఎక్కువ, ముసుగు తక్కువ. గొంతు మారినా మాట తీరు పట్టిస్తుంది. రెండు, 1975లో అమెరికాలో జోనథన్ ఫాక్స్, జో సాలస్ మొదలుపెట్టిన పద్ధతి. ప్రేక్షకుల్లో ఒకరు తన అనుభవం చెబుతారు, నటులు అక్కడికక్కడే ఆడి చూపిస్తారు. చెప్పినవారే చూసి "ఇలా కాదు" అనవచ్చు. మూడు, బ్రెజిల్ దర్శకుడు ఆగస్టో బోల్ పద్ధతి. అన్యాయం జరిగే దృశ్యం ఆడి, ప్రేక్షకుడిని లేపి "నువ్వైతే ఏం చేస్తావు, వచ్చి చేయి" అంటారు. బోల్ కూడా 1971లో అరెస్టయి, హింసలు పడి, దేశం వదిలి పదిహేనేళ్ళు బయట తిరిగినవాడే. మాస్టారి బెంగళూరు గదికి ఇది సరిగ్గా నప్పుతుంది. ఆస్టన్ లేచి ఆ మాట అన్నాక నటులు ఆగిపోవాలి. ఆ బల్ల చుట్టూ ఉన్న మిగతా ఆచార్యులు ఏమన్నారు? ప్రేక్షకుల్లోంచి ఒకరు వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పాలి.

పరిషత్తు_పెద్దాయన
పరిషత్తులో టైము దాటితే మార్కులు కోస్తారమ్మా. ప్రేక్షకుడు లేచి మైకు పట్టుకుంటే మరి దిగుతాడా?

రంగశాల_విద్యార్థిని
అందుకే దీన్ని పరిషత్తులో కాదు, కళాశాలల్లో ఆడాలి. అధ్యాపకులు కూర్చున్న హాలులో.

అడ్డుప్రశ్న
అందరూ వెళ్ళిపోయినవారి గురించే మాట్లాడుతున్నారు. వెళ్ళలేక ఉండిపోయినవారు? సంతకం వెనక్కి తీసుకున్నవారు? నాటకకర్త బ్రెహ్ట్ జర్మన్ పార్లమెంటు తగలబడిన మర్నాడే, 1933 ఫిబ్రవరి 28న దేశం వదిలాడు. డెన్మార్క్‌లో ప్రవాసంలో ఉండగా గెలీలియో మీద నాటకం రాశాడు. పారిపోయినవాడు రాసింది ఎవరి గురించి? పారిపోకుండా, భయపడి, తన మాట తానే కాదన్న పండితుడి గురించి. మీ నాటికలో అలాంటి పాత్ర ఒకటి ఉండాలి. ఆవిడ కొలువులో ఇప్పుడు ఎవరో ఒకరు ఉన్నారు కదా? ఆ మనిషికి రాత్రి నిద్ర పడుతుందా?

నిద్రపట్టని_పరిశోధకురాలు
మంచి ప్రశ్నే, కానీ ఆ కొలువు ఎవరికైనా ఇచ్చారో, అసలు ఎత్తేశారో. అఫ్గానిస్తాన్‌నే తీసుకోండి, 2022 డిసెంబరులో ఆడపిల్లలకు విశ్వవిద్యాలయాలే మూసేశారు. అక్కడ ఆమె బదులు కూర్చున్నవారి కథ కాదు, ఎదురుగా ఎవరూ లేని తరగతి గది కథ. (ఇది ఉదాహరణ మాత్రమే, రాము గారి అతిథి దేశం గురించి కాదు. నిర్వాహకుడు గారూ, కత్తెర దించండి.)

నిర్వాహకుడు
దించాను.

హాస్టలు_కబుర్లు
మా హాస్టలులో అఫ్గాన్ అబ్బాయి ఒకడు ఉండేవాడు. వాడి గది సహచరుడు సెలవులకు ఇంటికి వెళ్ళాడు. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయింది, పాత వీసాలు చెల్లవని మన ప్రభుత్వం ప్రకటించింది. అతను మళ్ళీ రాలేకపోయాడు. మంచం కింద ట్రంకు పెట్టె, గోడకు క్రికెట్ బ్యాటు, రికార్డు పుస్తకాలు. రెండేళ్ళు వాడు ఆ మంచం ఎవరినీ ముట్టనివ్వలేదు. చదువు పోవడమంటే నాకు తెలిసింది ఆ బ్యాటే. దాని గురించి వాడు ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు.

ప్రాంప్టర్
ఒక్క ఆచరణ సంగతి. ప్రదర్శన ఫోన్లలో తీయవద్దని చెప్పినా తీస్తారు, అరగంటలో యూట్యూబులో ఉంటుంది. కాబట్టి హాలులో ఉన్నవారికి తెలిస్తే ఫరవాలేదు అనుకున్నది ఏదీ ఉండకూడదు. స్వెట్టరు సంగతి కూడా మార్చండి. ఆ సిపాయి మన నాటిక చూడడు, నిజమే. కానీ అదే దారిన రేపు ఇంకొక తల్లి రావాలి. ఇప్పుడు పిల్లల స్వెట్టర్లు వెతుకుతారు.

లెక్కల_మాస్టారు
ప్రాంప్టర్ మాటతో నాకు ఒక దారి తోచింది. పోయినవారికి పేర్లు పెట్టండి, ఉన్నవారికి ముసుగు వేయండి. బార్న్, రామన్, ఆస్టన్, 1936, బెంగళూరు అన్నీ తేదీలతో సహా నిలబెట్టండి. ఆవిడ కథను దాని పక్కన, పేరు లేకుండా నడపండి.

అడ్డుప్రశ్న
పేరులేని దేశం, పేరులేని మనిషి... చివరికి అది గాలిలో తేలే నీతికథ అవుతుందేమో మాస్టారూ. మట్టి వాసన ఉండదు.

తెరవెనుక_రాము
మూడు వారాలు కనిపించనందుకు క్షమించండి. మీరన్నవన్నీ కాగితం మీద పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నిజానికి మొదటి రోజే చేయవలసిన పని అది. ఆమెను అడగకుండా ఇంతమందిని అడిగాను.

అక్క కూతురు వాక్యం వాక్యం అనువదిస్తూ స్క్రిప్టు వినిపించింది. వేదిక ఎక్కుతారా అంటే, ఎక్కను, వెనక వరుసలో కూర్చుంటాను, ఎవరూ నన్ను చూపించకూడదు అన్నారు. స్వెట్టరు గురించి ప్రాంప్టర్ భయపడ్డారు కదా, నిశ్చింతగా ఉండండి. అది స్వెట్టరు కాదు, మాకు చెప్పినప్పుడే ఆమె మార్చి చెప్పారట. మా ఇంట్లో, భోజనం దగ్గర కూడా ఆమె జాగ్రత్తలో ఆమె ఉన్నారు. నేనే లేను. దారం కొస మాత్రం నిజమేనట.

ఏడుపు సీను ఒకటి రాశాను, పెద్దాయన కోసం. దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు. సరిహద్దు సీను మీద ఒక్క మాట లేదు, "మీ ఇష్టం" అన్నారు. తర్వాత పంట దగ్గరికి వచ్చాం. అసలు పంట పేరు వద్దు, గోధుమ పెట్టుకో అన్నది ఆమే. సరేనని నేను గోధుమకు తుప్పు తెగులు పట్టినట్టు, ఎండలు ముదిరేకొద్దీ అది విజృంభించినట్టు రాశాను. అక్కడ పట్టుకున్నారు. రెండు రోజులు. పసుపు తుప్పు చల్లటి వాతావరణంలో పెరుగుతుంది, ఎండ ముదిరితే తగ్గుతుంది, నువ్వు తలకిందులు రాశావు అన్నారు. ఆకు మీద మచ్చలు చెల్లాచెదురుగా ఉండవు, ఈనెల వెంట గీతలుగా వస్తాయి. రైతు దాన్ని చూసి గుర్తుపట్టడు, పొలంలో నడిచి వచ్చాక పంచె మీద పసుపు పొడి చూసి గుర్తుపడతాడు. ఇవన్నీ రాయించారు. "ఇది మీ పంట కాదు కదా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను. ఆమె నా వంక చూసిన చూపు, పరీక్షలో కాపీ కొట్టినవాడిని చూసే చూపు.

"నా పేరు, నా దేశం, నా పంట, అన్నీ అబద్ధం చెప్పు. తెగులు గురించి మాత్రం అబద్ధం చెప్పకు" అన్నారు.

అడ్డుప్రశ్న గారూ, మట్టి వాసన వచ్చినట్టేనా?

అడ్డుప్రశ్న
ఏడుపు సీను తీసేస్తే వచ్చినట్టే.

పరిషత్తు_పెద్దాయన
తీసేయండి. నేను చెప్పానని ఆ పంచె సీను మొదట్లో పెట్టండి. తెర లేవగానే తెల్ల పంచె, మోకాలి దాకా పసుపు. మాటలు తర్వాత.

బుర్రకథ_మనవడు
హాస్య వంత: "ఏమయ్యా, పెళ్ళికి వెళ్ళొచ్చావా?"

తెరవెనుక_రాము
వాడుకుంటున్నాను! పసుపు పొడి చల్లి చూశాం, ముద్దలు కడుతోంది. ఆవిడ చూసి, రంగు కూడా ఇది కాదు, కొంచెం నారింజ కలవాలి, మిఠాయి రంగు చిటికెడు వేసి జల్లించండి అన్నారు. ఇప్పుడు ఆమె సంతృప్తి పడ్డారు. ఆహార్యం చూసే మా ప్రసాదు పడలేదు. మిఠాయి రంగు అంటితే పంచె ఉతికినా పోదు, నాలుగు ప్రదర్శనలకు నాలుగు పంచెలు కావాలంటున్నాడు. కోశాధికారి ఇంకా జవాబు చెప్పలేదు.

గోంగూర_అభిమాని
ఒక పంచె నాది రాసుకోండి. అంచు చిరిగింది, ఫరవాలేదు కదా?